నెత్తళ్ళకు అమ్మిన అన్న

సంచిలో ముందు మందుల డబ్బా పెట్టాను, దాని మీద తువ్వాలు, తువ్వాలు మీద ఒక చీర, చీర మడతలో కళ్ళజోడు. మళ్ళీ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాను, దారిలో బోర్డులు చదువుకోవాలి కదా, బోర్డు చదవకుండా బండిలో కూర్చుంటే నన్ను ఎటో తీసుకుపోతున్నట్టు భయం. గుమ్మంలో నిలబడి మా మనవరాలు ఇందు నవ్వుతోంది. "ఏటి మామ్మా, కాశీకా? పూడిమడక ఎంత దూరమని! సాయంత్రానికి వచ్చేస్తాం. చీరెందుకు?" సాయంత్రానికి వచ్చేస్తాం. మా ఆయన ఈ మాటే చెప్పి విశాఖపట్నం ఆస్పత్రికి తన కాళ్ళతో నడిచి కారెక్కాడు. నేను సర్దిన సంచి మాత్రం మడత విప్పని లుంగీతో తిరిగొచ్చింది. అప్పటి నుంచి సంచి ఎవరికి సర్దినా రాత్రికి కూడా సరిపడా పెడతాను. రాత్రికి పెడితే రాత్రి కాకముందే ఇల్లు చేరతామని నాదొక పిచ్చి నమ్మకం. అడుగున, ఇందు అటు తిరిగినప్పుడు, ఒక కొత్త పంచె కూడా పెట్టాను. మా అన్న పరదేశికి. బతికుంటే వాడికి ఎనభై ఏడు. అంత వయసు మనిషికి పంచె ఎంత పొడవుండాలో కొట్లో అడగలేకపోయాను. ముసలితనంలో మనిషి కుదించుకుపోతాడు కదా, కానీ నేను చూసిన అన్న గుమ్మంలో తల వంచి లోపలికొచ్చేవాడు.

ఆటో బెల్లం మార్కెట్ వెనక నుంచి మునగపాక రోడ్డెక్కింది. బెల్లం వాసన కాసేపు వెంట వచ్చి ఆగిపోయింది. బోర్డులు చదువుతున్నాను, ఎరువుల కొట్టు, కళ్ళ ఆస్పత్రి, టైర్లకు గాలి. నన్ను బడికి పంపలేదు. పెళ్ళయి అనకాపల్లి వచ్చాక, బెల్లం కట్టడానికి మా ఆయన తెచ్చే పాత పేపర్లు నేల మీద పరిచి, పిల్లాడి వాచకంలో బొమ్మ చూసి అక్షరం పట్టుకుని, ఆ అక్షరాన్ని పేపర్లో వెతుక్కుని నేర్చుకున్నాను. పేపర్లో నాకు ముందు దొరికేవి తప్పిపోయినవాళ్ళ ప్రకటనలు. చామనఛాయ, ఎడమ చెంప మీద మచ్చ, నీలం చొక్కా. అన్నీ చదివేదాన్ని, తేదీ ఎప్పటిదైనా సరే. ఎందుకు చదివేదాన్నో అప్పుడు నన్ను అడిగితే చదువు కోసం అని చెప్పేదాన్ని. మా అన్న తప్పిపోలేదు కదా. మా అన్న పూడిమడకలో ఉన్నాడు.

ఇందు బళ్ళో పాఠాలు చెబుతుంది. ఈ ఏడాది దానికి వంశవృక్షం పిచ్చి పట్టింది, సెలవు దొరికితే ఏదో ఆఫీసులో పాత రిజిస్టర్ల ముందు కూర్చుంటుంది. మా తాత పుట్టుక దొరికింది, పురిట్లో పోయిన మా మేనత్త మరణం దొరికింది, పేరు కూడా పెట్టకుండా పోయిన ఇద్దరు బిడ్డలు, మా అమ్మ తొలి కాన్పులు, 'మగ', 'ఆడ' అని ఒక్కో మాటతో దొరికారు. అన్న దొరకలేదు. పెళ్ళిళ్ళ రిజిస్టరు అడిగితే, ఆ రోజుల్లో మన పెళ్ళిళ్ళు ఎవరు రాయించారు మామ్మా, పందిట్లో ఉన్నవాళ్ళే సాక్ష్యం అంది. జనాభా లెక్కల కాగితాలు చూడమన్నాను, ఇంటింటికీ వచ్చి రాసుకున్నారు కదా. "పేర్లు ఉంచరు మామ్మా. ఊళ్ళో మగాళ్ళెంతమంది, ఆడాళ్ళెంతమంది, అదొక్కటే అచ్చేస్తారు," అని ఫోన్లో చూపించింది. మా పుట్టినూరు కొండకర్ల ఎదురుగా ఒక అంకె ఉంది. నేనూ అన్నా ఒకే ఇంట్లో ఉన్న నాటి లెక్క అది, నేను అప్పుడు చంకలో పిల్లని. ఆ మగవాళ్ళ అంకె చివరి గీత మీద వేలు పెట్టాను. అది వాడే అనిపించింది. ఇందు ఫోన్ లాక్కుంది, వేలు తగిలి పేజీ పోయిందట.

అప్పుడు చెప్పాను. మన ఇంటిపేరు మీద వెతకొద్దే, పూడిమడక మాసేనమ్మ అని ఉంటుందేమో చూడు అని. ఇందు నోరు తెరిచి నా వైపు చూసింది. మా పుట్టింట్లో అందరికీ తెలిసిన సంగతి కదా, చెప్పాల్సిన పని ఉందని నాకు తోచలేదు. ఇద్దరు బిడ్డలు పోయాక పుట్టినవాడిని ఇంట్లో ఉంచుకుంటే వాడూ పోతాడు. అందుకని మా నాయనమ్మ వాడిని చేటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెట్టింది. ఆ వేళ ఊళ్ళోకి వచ్చిన పరాయి మనిషి చేపల గంప మాసేనమ్మ. మామూలుగా తవుడిచ్చి కొంటారు. ఆవిడ దగ్గర తవుడేది, గుప్పెడు ఎండు నెత్తళ్ళిచ్చి కొనుక్కుంది. ఆ నెత్తళ్ళు మా అమ్మ పథ్యం కూడా చూడకుండా పులుసు పెట్టుకు తినేసింది, తింటేనే అమ్మకం చెల్లుతుందట. మాసేనమ్మ గంప నెత్తికెత్తుకుంటూ, "నా బిడ్డని నీ కాడుంచి పోతన్నాను, పాలిచ్చి పెంచు," అంది. ఆ రోజు నుంచి అమ్మ తన కొడుక్కి తనే దాది. పేరు పరదేశి. మునసబు పుట్టుక రాయడానికి వస్తే నాయనమ్మ ఆయన పుస్తకానికి అడ్డం నిలబడింది. "మా కోడలి పేరు రాయకు బాబూ. యముడికి సదువు రాకపోయినా ఆ సిత్రగుప్తుడికొచ్చు. నీ పుస్తకం సూసీసి ఇంటికొచ్చీగల్డు. ఆ సేపలామి పేరే రాసీ." "మరి తండ్రి గళ్ళో ఏటి రాయమన్నావు?" "ఒక గీత గీసీ." గీసేశాడట. నవ్వుతూ చెప్పేవారు ఇంట్లో. పోయిన నెల ఇందు నకలు తెచ్చింది. కళ్ళజోడు తుడుచుకుని కూడబలుక్కున్నాను. మగ. పరదేశి. తల్లి మాసేనమ్మ, పూడిమడక. తండ్రి దగ్గర గీత. ఎన్నిసార్లు చదివినా అందులో మా అమ్మ లేదు. సర్కారు పుస్తకం ప్రకారం చిన్నమ్మలు అనే ఆవిడకి కొడుకే లేడు.

మునగపాక దాటాం. చెరుకు కోసేసిన మళ్ళు, మోడులు, వాటి మధ్య కొత్తగా కట్టిన ఇళ్ళు. ఎదురుగా కంపెనీ బస్సులు వరసగా వస్తున్నాయి, అద్దాలకు తలలానించి నిద్రపోతున్న కుర్రాళ్ళు. అన్న కూడా అలాగే, ఎక్కడ ఆనుకుంటే అక్కడ నిద్రపోయేవాడు. బెల్లం వండే రోజుల్లో రాత్రంతా పొయ్యి దగ్గర ఉండి పొద్దున్న అరుగు స్తంభానికి ఆనుకుని నిద్రపోతే, వాడి చేతుల మీది పాకం నేను గోటితో గీకి తినేదాన్ని. నిద్రలోనే "కొరికీకే తల్లీ" అనేవాడు. నేను పుట్టేసరికి వాడికి పదకొండేళ్ళు. నన్ను వాడే ఎత్తుకున్నాడట ఎక్కువ. ఏడాదికోసారి గంగమ్మ పండక్కి మాసేనమ్మ వాడికి కొత్త గుడ్డలు తెచ్చి పూడిమడక తీసుకెళ్ళేది. వచ్చాక వారం దాకా వాడి జుట్టులో ఇసుక. అమ్మ తలంటుతూ ఆ ఇసుక కడిగేది, అంతసేపూ మాట్లాడేది కాదు. మాసేనమ్మ దగ్గర చేపలు కొన్నప్పుడు మాత్రం బేరమాడేది కాదు. ఇద్దరూ ఒకరినొకరు అప్పా అనుకునేవారు, అక్కా అన్నట్టు. ఇద్దరి మధ్యా వాడు కూర్చుని చేపలు తోమేవాడు. నాకు తెలిసి లోకంలో అంత హాయిగా ఉన్న దృశ్యం ఇంకోటి లేదు, ఇప్పటికీ నిద్ర పట్టకపోతే అదే తెచ్చుకుంటాను, పొలుసు రాలే చప్పుడుతో సహా.

అమ్మినవాడిని పెళ్ళికి ముందు తిరిగి కొనుక్కోవాలి. కొన్నావిడకి చీర పెట్టి, చేటనిండా తవుడు పోసి, పందిట్లో పీట వేసి కూర్చోబెట్టాలి. ఆవిడ "నా బిడ్డని నీకిచ్చేసేను" అనాలి. అప్పుడే వాడు మనవాడు. ఆడపిల్లవాళ్ళు ఒప్పుకోలేదు. చేపలమ్ముకునే ఆవిడకి తల్లి పీట వేస్తే మా బంధువులు పందిట్లో అన్నం తినరన్నారు. నాన్న మెత్తబడ్డాడు. అమ్మ మొదట పీట వెయ్యాల్సిందే అంది, తరవాత వద్దంది. అంతకాలం జుట్టులో ఇసుక కడిగిన చెయ్యి కదా, నాకిప్పుడు తెలుస్తోంది, ఆ ఒక్క రోజైనా వాడు తన ఒక్కదాని కొడుకుగా ఉండాలనుకుంది. అన్న మాత్రం ఒకటే మాట. "ఆవిడ రాకపోతే నేను పీట మీద కూకోను." రాత్రి అన్నాల దగ్గర మొదలైన మాటలు పెద్దవయ్యాయి. అమ్మ గరిటె పట్టుకుని లేచింది. "పోరా, నిన్ను కొన్నదాని కాడికే పో. నా ఇంట్లో నీకేటి పని?" తెల్లవారుతుంటే వాడు సంచి సర్దుకున్నాడు. రెండు చొక్కాలు, ఒక దువ్వెన. నేను పక్క మీద లేచి కూర్చున్నాను. "పడుకోవే దేముడమ్మా, సాయంత్రానికి వచ్చేత్తాను," అన్నాడు. పడుకున్నాను. పడుకోమంటే పడుకునే పిల్లని. అమ్మ అటు తిరిగి పొయ్యి ఊదుతోంది. ఆ పొయ్యి అంతసేపు రాజుకోకపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

పెళ్ళి ఆగిందంటే పరువు పోతుందని అదే ముహూర్తానికి, అదే పందిట్లో, ఆ పిల్లని మా చిన్నాన్న కొడుకు నూకరాజుకి చేసేశారు. సన్నాయిలు వాయించారు. ఊళ్ళో సగం మందికి పెళ్ళికొడుకు మారిన సంగతి భోజనాల దగ్గర గాని తెలియలేదు. తరవాత మాసేనమ్మ మా ఊరు రావడం మానేసింది. నెల పోయాక నాన్న అనకాపల్లి చేపల మార్కెట్లో ఆవిడని చూశాడు. ఎదురుపడితే మొహం తిప్పేసుకుందట. నాన్న ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "ఆడు అక్కడే ఉన్నాడే. నేకపోతే అదెందుకు మొకం తిప్పుకుంటాది?" అన్నాడు. అమ్మ ఆ రాత్రి చాన్నాళ్ళకి కడుపు నిండా తింది. నాకు బాగా గుర్తు, తింటూ ఏడ్చింది. కొడుకు బతికున్నాడు, తనది కాకుండా పోయాడు, రెండూ ఒకే ముద్దలో. ఆ తరవాత ఎవరు వెళ్ళి అడుగుదామన్నా పడనివ్వలేదు. "ఆడే రావాలి." పోయేముందు కూడా అదే పంతం. "బతికుండగా రానోడు సచ్చేక ఎందుకే? కబురెట్టకండి." పెట్టలేదు.

ఇంత దగ్గర. గంట దారి. ఇన్నేళ్ళలో నేనైనా ఎందుకు వెళ్ళలేదని ఇందు అడిగింది. మార్కెట్లో పూడిమడక ఆడవాళ్ళ దగ్గరే చేపలు కొనేదాన్ని. ఏ ఊరని అడిగి, పూడిమడక అంటే గంప ముందు కూలబడేదాన్ని. నాలిక చివరికొచ్చేది పేరు, మింగేసేదాన్ని. అడక్కపోతే వాడు అక్కడున్నాడు. వాడికి అక్కడ ఒక ఇల్లు కట్టాను నేను, తాటాకు ఇల్లు, తరవాత పెంకులు, మా ఇంటికి స్లాబు వేసిన ఏడాది వాడికీ వేశాను. పెళ్ళాం కాస్త నల్లగా, నోరున్న మనిషి. ఇద్దరు మగపిల్లలు, ఒక ఆడపిల్ల, ఆడపిల్లకి నా పేరు. మొదట్లో పడవెక్కితే వాంతులయ్యేవి వాడికి, బెల్లం పెనం దగ్గర పెరిగినవాడు కదా, నలుగురూ వేళాకోళం చేసేవారు, మెల్లగా అలవాటయింది. తుఫాను అని రేడియోలో చెబితే నేను రాత్రంతా కూర్చునేదాన్ని, మా ఆయన నిద్రలో ఎవరి కోసమే అంటే, ఎండబెట్టిన చింతపండు తడుస్తుందేమో అనేదాన్ని. తుఫాను తీరం దాటాక వాడిని పడవ దింపి ఇంటికి చేర్చి పడుకునేదాన్ని. ఇలా ఒక మనిషిని పెంచుకున్నాక వెళ్ళి తలుపు ఎలా తడతాం? ఇప్పుడు కాగితం వచ్చింది. కాగితం మీద వాడు పుట్టాడు. పుట్టిన మనిషికి తరవాతేమయిందో చూడాలి కదా మామ్మా అంది ఇందు. దాని వయసు అలాంటిది.

కొండకర్లకు చీలే దారి దగ్గర ఆటోవాడు ఎవరికో దారిచ్చి ఆపాడు. దిగి అటు వెళ్ళిపోదామా అనిపించింది. అమ్మ లేదు, ఇల్లు లేదు, ఆవ చెరువులో నీటిపక్షులు మాత్రం ఉంటాయి. వద్దు. అచ్యుతాపురం దాటాక గాలి మారింది. ఉప్పు, ఎండు చేప, తడి వల. మందుల డబ్బా ఇవతలకి తీసి మళ్ళీ లోపల పెట్టాను. వాడు నన్ను గుర్తుపట్టకపోతే? నా జుట్టు తెల్లబడింది, వాడి లెక్కలో నాకు తొమ్మిదేళ్ళే. దేముడమ్మని అని చెప్పాలి. చెబితే, ఇన్నాళ్ళకా అంటాడు. అనని. కొడితే కొట్టని. పోయాడంటారేమో. పోయినా పరవాలేదు, ఇక్కడ బతికి ఇక్కడ పోతే చాలు, వాడి ఆడపిల్ల చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుని వస్తాను.

మాసేనమ్మ ఇల్లని అడిగితే ఒకావిడ వేలు చూపించింది. నీలం రంగు వేసిన డాబా, ముందు పట్టా మీద చేపలు ఎండుతున్నాయి. గుమ్మంలో ఒక ముసలావిడ కర్రతో కాకుల్ని తోలుతోంది. నాకంటే ఒకటి రెండేళ్ళు చిన్నది కావచ్చు. మాసేనమ్మ కూతురు పోలమ్మట. "ఎవులమ్మా? సేపలు కావాలా? ఇయ్యి ఇంకా ఎండనేదు," అంది. ఇందు చెప్పింది, కొండకర్ల నుంచి, చిన్నమ్మలు గారి కూతురు, మా మామ్మ అని. పోలమ్మ కర్ర కింద పెట్టింది. నా దగ్గరికొచ్చి మొహంలో మొహం పెట్టి చూసింది.

"దేముడమ్మవా? అన్న పండక్కొస్తే నీ ఊసే. నా సెల్లి పాకం నాకీత్తాది, నా సెల్లి ఇలాగంటాది. నాకు ఒళ్ళు మండిపోయీది." నవ్వింది, పళ్ళు లేని నోరంతా తెరిచి. నా చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టింది. "ఇన్నాళ్ళకి గేపకానికొచ్చేమా మీకు? పెళ్ళికి పిలవనేదు, సరే. మాయమ్మ తానం చేసి కొత్త సీర కట్టుకుని, బండంపుతారని ఈ అరుగు మీదే కూకుంది అప్పా ఆ పొద్దంతా. సన్నాయి మోగింది, పెళ్ళయిపోయిందని మర్నాడు గంపలోలు సెప్తే గాని లేవనేదు. ఇంక ఆ ఊరు తొక్కనంది. మార్కెట్లో మీ నాయన ఎదరపడినా మాటాడనేదు." చెప్తూ చెప్తూ నా వెనక ఆటో వైపు చూసింది. "సరే, పోయినోళ్ళ కోపాలు పోయినోళ్ళతోనే. అన్నెలాగున్నాడు? ఆటోలో ఉన్నాడా? దిగనేకపోతన్నాడా? కళ్ళవుపడతన్నాయా?"

ఇందు నా భుజం పట్టుకుంది. నేను అన్నాను, "మీ కాడున్నాడనుకున్నాం."

"ఎటకారమా అప్పా?" అంది పోలమ్మ. ఇంకా నవ్వు పోలేదు మొహంలో. తరవాత పోయింది. కాకులు చేపల మీదికి వచ్చి వాలాయి, ఆవిడ కర్ర తియ్యలేదు. నాతో కాదు, ఎవరితోనో చెబుతున్నట్టు, "జనాబా రాసేవోలొచ్చి ఇంట్లో ఎంతమందని అడిగితే, మాయమ్మ నా పేరు సెప్పి, కొడుకు కొండకర్లలో ఉన్నాడు, అక్కడ రాసుకోండి బాబూ అంది," అంది. అన్న వెళ్ళాక వచ్చిన ఆ లెక్కల్లో మా అమ్మ జనాభా రాసే మనిషికి ఏం చెప్పిందో నాకు తెలుసు. నేను పక్కనే ఉన్నాను. కొడుకు పూడిమడకలో ఉన్నాడు, అక్కడ రాయండి అని, పెంకితనంగా, తలుపు సగం మూస్తూ. ఆ మనిషి సరేనని కలం మూశాడు. రెండు ఊళ్ళలో రెండు అంకెలు, రెంటిలోనూ వాడు లేడు. ఇద్దరు తల్లులున్నవాడని ఎవరూ వెతకలేదు. ఒక్క తల్లి ఉన్నవాడైతే మర్నాడే వెతికేవారు, బావులు చూసేవారు, రైలు స్టేషనుకు పరుగెత్తేవారు, పేపర్లో వేయించేవారు, చామనఛాయ, పొడుగరి, ఇరవై ఏళ్ళు. ఇక్కడ ఈ అరుగు మీద ఒకావిడ కోపంతో కూర్చుంది, అక్కడ ఆ పొయ్యి దగ్గర ఒకావిడ కోపంతో కూర్చుంది, ఇద్దరూ వాడు సుఖంగా ఉన్నాడని నమ్మి, ఇద్దరూ వాడి మీద అలిగి ముసలివాళ్ళయి పోయారు. నేను కట్టిన స్లాబు ఇల్లు, ఆ నోరున్న పెళ్ళాం, నా పేరు పెట్టిన పిల్ల. వాళ్ళంతా ఇప్పుడు ఎక్కడికి పోతారు? పోలమ్మ కూడా ఏదో కట్టుకునే ఉంటుంది కొండకర్లలో వాడికి, చెరుకు మళ్ళు, ఎడ్లు, బెల్లం. ఆవిడ మొహం చూస్తే తెలుస్తోంది. ఆవిడ నా చెయ్యి ఇంకా వదల్లేదు, నేనూ వదల్లేదు.

మా అన్న పరదేశి, మాసేనమ్మ కొడుకు, చిన్నమ్మలు కొడుకు, పందొమ్మిది వందల యాభై ఎనిమిది వైశాఖ మాసంలో, తన పెళ్ళికి రెండు రోజుల ముందు, తెల్లవారుతుండగా కొండకర్లలో ఇల్లు విడిచి బయల్దేరాడు. పూడిమడక చేరలేదు. తిరిగి రాలేదు.